నెప్ట్యూన్‌కు పదివేల మూరలు

పుణె,
20 జనవరి 2025.

మహారాజశ్రీ కృపామణి టీచరమ్మ గారికి,

ఇంత మర్యాదగా మొదలుపెట్టానంటే కొంప మునిగిందని నీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. ఫోన్ చేద్దామని మూడుసార్లు తీసి పెట్టేశాను. నువ్వు తిడితే భరిస్తాను కానీ ఊరికే ఉంటే భరించలేను. హాస్టల్లో నీ కొత్త చున్నీని ఇస్త్రీపెట్టెతో కాల్చిన రోజు గంటసేపు నువ్వు నోరు విప్పలేదు. ఆ గంట నాకు ఇప్పటికీ గుర్తుంది.

విషయానికొస్తాను. ఎనిమిదేళ్ళుగా ఇక్కడ కూర్చుని చంద్రుడి ఫోటోల్లో గుంతలు లెక్కపెడుతున్నాను కదా. గుంతలు ఎక్కువుంటే పాత నేల, తక్కువుంటే కొత్త నేల. లెక్క చూసి ఫలానా మైదానానికి ఇన్ని కోట్ల సంవత్సరాలని వయసు చెబుతాం. గుంతలు లెక్కపెట్టడానికి అంత చదువెందుకు, మన రోడ్ల మీద నిలబెడితే ఎవరైనా లెక్కపెడతారని నువ్వే ఒకసారి అన్నావు. ఆ పని కూడా మార్చి 31తో అయిపోతుంది, కాంట్రాక్టు అంతవరకే. అదృష్టం కొద్దీ మా సంస్థలోనే పర్మనెంటు శాస్త్రవేత్త పోస్టు ఒకటి పడింది. అప్లికేషన్‌లో గళ్ళన్నీ నింపాను, ఒక్కటి తప్ప. సామాన్య జనానికి సైన్సు చేరవేయడానికి మీరు చేసిన కార్యక్రమాలేవి అని అడిగారు. ఖాళీగా వదిలితే పది మార్కులు పోతాయి.

అప్పుడు నీ మొహం కళ్ళముందుకొచ్చింది. వచ్చి ఊరుకోలేదు, గడిలోకి కూడా దిగింది. 2024 డిసెంబరు 14న కార్వేటినగరం మండలంలోని ఒక పల్లె బడిలో 'సౌర కుటుంబ నడక' జరిపాననీ, 312 మంది వచ్చారనీ, అక్కడి బాధ్యత కృపామణి అనే టీచరు చూసుకున్నారనీ రాసేశాను. ఇవాళ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మార్చి 12న ఇంటర్వ్యూ, బడివాళ్ళు సంతకం చేసిన రిపోర్టు తెచ్చుకోవాలట. చంద్రుడి నేల వయసులో ముప్ఫై కోట్ల సంవత్సరాలు అటూ ఇటూ అయినా మమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. ఒక్క డిసెంబరు పద్నాలుగుకి మాత్రం కాగితం కావాలట.

ఒక్క సంతకం, మణీ. ఒకే ఒక్కటి. పెట్టవూ?

నీ
ధరణి


కార్వేటినగరం,
27 జనవరి 2025.

ధరణికి,

డిసెంబరు 14 రెండో శనివారం. బడికి తాళం. ఆ తాళం చెవి మా హెడ్మాస్టరు మునిరామయ్య గారి మొలతాడుకు ఉంటుంది, ఆయన ఆ రోజు పూతలపట్టులో ఏదో పెళ్ళికి వెళ్ళారు. గోడ దూకి వచ్చారనుకున్నా, మా బడిలో మొత్తం పిల్లలు రెండువందల నలుగురు. మిగిలిన నూటెనిమిది మందినీ ఎక్కణ్ణుంచి తెచ్చావు? అబద్ధం చెప్పేవాళ్ళు కనీసం క్యాలెండరు చూసుకుంటారు. నువ్వు ఎమ్మెస్సీలో కూడా ఇంతే, జవాబు ముందు రాసి లెక్క తరవాత చేసేదానివి.

నేను సంతకం పెట్టను. పదకొండేళ్ళ సర్వీసులో హాజరు పట్టీలో రాని పిల్లని వచ్చినట్టు ఒక్కసారి కూడా వేయలేదు. ఇన్స్పెక్షనున్న రోజున కూడా వేయలేదు. ఆ పేరు వాడుకోవడానికే కదా నువ్వు నా పేరు రాశావు.

కానీ నీ ఉత్తరం రెండోసారి చదివితే ఒక సంగతి తోచింది. సౌర కుటుంబ నడక అన్నావు చూడు, అది బాగుంది. మా తొమ్మిదో తరగతి పుస్తకంలో గ్రహాలన్నీ ఒకే పేజీలో బస్సులో జనంలా ఇరుక్కుని ఉంటాయి. వాటి మధ్య దూరమెంతో పిల్లలకు తెలియదు, నిజం చెప్పాలంటే నాకూ అంకెల్లో తప్ప ఒంటికి తెలియదు. కాబట్టి చేద్దాం. నువ్వు చేశానన్న పనిని నిజంగానే చేద్దాం. ఫిబ్రవరి 22 శనివారం, పనిదినం. లెక్కలు నువ్వు పంపు, మిగతాది మేం చూసుకుంటాం. పిల్లలు ప్రశ్నలు రాస్తారు, వాటికి జవాబులు కూడా నువ్వే రాయాలి.

ఫోన్ మాత్రం చెయ్యకు, ఎత్తను. ఫోన్లో నువ్వు నవ్వించి తప్పించుకుంటావు. అబద్ధం కాగితం మీద చెప్పావు కనక మిగతాది కూడా కాగితం మీదే జరగాలి.

కృపామణి


పుణె,
3 ఫిబ్రవరి 2025.

మణీ,

తిట్లు అందాయి. రెండో శనివారం సంగతి చదివి తలగడలో మొహం పెట్టుకుని నవ్వాను, తరవాత ఏడుపొచ్చింది, ఆ తరవాత ఆకలేసి పోహా, అదే మన అటుకుల ఉప్మా, తిన్నాను. ఇక్కడ అన్నిటికీ పోహానే.

ఇదిగో లెక్క. పది లక్షల కిలోమీటర్లను ఒక మీటరు అనుకో. సూర్యుడు మీటరూ నలభై సెంటీమీటర్లు వస్తాడు, బడి ముందర పసుపుతో ముగ్గు వెయ్యండి. అక్కణ్ణుంచి 58 మీటర్లకు బుధుడు, అంటే ఒక మిరియపు గింజ. 108కి శుక్రుడు, 150కి భూమి, రెండూ గోలీలు. 228కి కుజుడు, బఠాణీ గింజ. తరవాత పిల్లలకు విసుగొచ్చేంత ఖాళీ. 778కి గురుడు, పెద్ద కొబ్బరికాయ. కిలోమీటరూ 430 మీటర్లకు శని, కాస్త చిన్న కొబ్బరికాయ, చుట్టూ అట్టముక్కతో వలయం. రెండు కిలోమీటర్ల 870కి యురేనస్, నాలుగున్నర కిలోమీటర్లకు నెప్ట్యూన్, ఇద్దరూ నిమ్మకాయలు. మీ బడి నుంచి కార్వేటినగరం పాత కోట గేటుకి సరిగ్గా నాలుగున్నర అని మ్యాపులో చూశాను. నెప్ట్యూన్ రాజుగారి వాకిట్లో ఉంటాడు.

ఇప్పుడొక మాట చెబుతాను, కోప్పడకు. కార్యక్రమం నిజంగా జరిగాక అది అబద్ధం కాదు కదా. తారీఖు ఒక్కటే తేడా. రిపోర్టులో ఆ ఒక్క అంకె డిసెంబరుది వేస్తే ఎవరికీ నష్టం లేదు.

ఇంకో సంగతి పోయిన ఉత్తరంలో చెప్పలేదు. ఈ పోస్టుకు వయసు ముప్ఫై ఐదు దాటకూడదు. ఏప్రిల్ తొమ్మిదికి నాకు ముప్ఫై ఐదు నిండుతాయి. ఇంకో నోటిఫికేషన్ ఎప్పుడొచ్చినా నాకు పనికిరాదు. చంద్రుణ్ణి చూస్తూ జీతం తీసుకోవడానికి నాకున్న ఆఖరి దారి ఇదే. భయంగా ఉంది మణీ, వేళాకోళానికి అనడం లేదు.

ధరణి


కార్వేటినగరం,
10 ఫిబ్రవరి 2025.

ధరణికి,

వయసు సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. తారీఖు గురించి ఇప్పుడేమీ మాట్లాడను. ముందు పని కానీ.

పనిలో మొదటి చిక్కు టేపు. బడిలో పదిహేను మీటర్ల టేపు ఉంది కానీ మొదటి రెండు మీటర్లు ఎలుకలు కొట్టేశాయి. ఫోన్లో మ్యాపు చూసి గ్రహాల్ని పెట్టెయ్యొచ్చని నువ్వంటావని తెలుసు. అలా అయితే పిల్లలకు దూరం తెలియదు, వేలు కదపడం తెలుస్తుంది. నడుస్తూ, కొలుస్తూ, కాళ్ళు నొప్పి పుడితేనే నెప్ట్యూన్ ఎంత దూరమో తెలుస్తుంది.

అప్పుడు తొమ్మిదో తరగతి ఐశ్వర్య వాళ్ళమ్మ గురవమ్మను పిలుచుకొచ్చింది. గురవమ్మ ఊళ్ళో ఆడవాళ్ళచేత పూలు కట్టించి, మొదటి బస్సుకు తిరుచానూరు తీసుకెళ్ళి అమ్ముతుంది. ముప్ఫై ఏళ్ళుగా మూరల్లోనే బతుకుతున్న మనిషి. మోచేతి నుంచి వేలి కొస వరకు స్కేలు పెట్టి చూశాను, సరిగ్గా నలభై ఐదు సెంటీమీటర్లు. నాలుగున్నర కిలోమీటర్లంటే పదివేల మూరలు అవుతుంది. ఆ మాట చెబితే గురవమ్మ నోటిమీద చెయ్యేసుకుంది. "పదివేల మూరలా? ఎవురికి మేడమ్, అంత పెద్ద మెడ ఎవురికుండాది?" అంది. నెప్ట్యూన్‌కి అన్నాను. "ఆయప్ప యాడుంటాడు?" అంది. చెప్పాను. "అంత దూరంలో ఒక్కడే ఉండాడా పాపం" అంది. ఎమ్మెస్సీ రెండేళ్ళలో మనిద్దరికీ రాని ఆలోచన అది. నూరు మూరల నూలుతాడుకు మూరమూరకూ ముడేసి ఇంటి దగ్గర తయారుచేసి ఇస్తానంది. దాన్ని నూరుసార్లు పరిస్తే నెప్ట్యూన్.

హెడ్మాస్టరు గారికి రోడ్డు మీద లారీల భయం. ఆయన స్కూటర్ మీద ముందు వెళుతూ ఎర్రజెండా ఊపుతానన్నారు. జెండా దొరకలేదు, వాళ్ళావిడ ఎర్ర జాకెట్టు గుడ్డ తెచ్చారు.

పిల్లల ప్రశ్నలు పంపుతున్నాను. గుంతలు లెక్కబెడితే నిజంగా జీతమిస్తారా, ఆడపిల్లల్ని తీసుకుంటారా, ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలి, ఇంగ్లీషు రాకపోతే ఎలా అని అడిగారు. ఐశ్వర్య ఒక్కతే వేరేది రాసింది. మీరు చంద్రుడి నేల వయసు చెబుతారు కదా, అది తప్పని ఎప్పుడైనా తెలిస్తే ఏం చేస్తారు అని. నేను చెప్పి రాయించింది కాదు, నమ్మితే నమ్ము.

22వ తారీఖుకు నువ్వు రా. ఒక్క రోజు.

మణి


పుణె,
16 ఫిబ్రవరి 2025.

మణీ, తొమ్మిదో తరగతి పిల్లలూ,

ఇది మీకు చదివి వినిపించమని మీ మేడమ్‌కి చెబుతున్నాను. జీతం నిజంగానే ఇస్తారు. ఆడపిల్లల్ని తీసుకుంటారు, మా గదిలో ఆరుగురిలో నలుగురం ఆడవాళ్ళమే. ఇంటర్లో ఎంపీసీ తీసుకోండి. తరవాత అందరూ తోసుకుంటున్నారని ఇంజనీరింగు వైపే పోనక్కర్లేదు. ఫిజిక్సు చదివి రావచ్చు, రాళ్ళంటే ఇష్టమైతే జియాలజీ చదివి రావచ్చు, కెమిస్ట్రీతో కూడా వచ్చినవాళ్ళున్నారు. మీకు దగ్గర్లోనే, తిరుపతిలో, సైన్సు బాగా నేర్పే చోట్లున్నాయి. కొన్ని పరిశోధనశాలలు సెలవుల్లో డిగ్రీ పిల్లల్ని రెండు నెలలు పనిలోకి తీసుకుంటాయి, ఆ ప్రకటనలు మీ మేడమ్‌కి పంపుతూ ఉంటాను. ఇంగ్లీషు నాకూ వచ్చేది కాదు. మొదటి ఏడాది మా ప్రొఫెసర్ ఏమడిగినా "యెస్ సార్" అన్నాను, అలా అని అని మూడు ప్రాజెక్టులు నెత్తిన పడ్డాయి. తరవాత అదే వచ్చింది.

చంద్రుడి ఫోటోలు ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. బడి కంప్యూటర్లో చూసి ఈ రోజు నుంచే గుంతలు లెక్కపెట్టండి. వెలుగు ఎటు నుంచి పడుతోందో ముందు చూసుకోండి. లేకపోతే గుంత గుట్టలా కనబడుతుంది. నేను మొదటి వారమంతా గుట్టలే లెక్కపెట్టాను.

ఇక్కడి నుంచి పిల్లలకు చదవకు మణీ.

ఐశ్వర్య ప్రశ్నకు జవాబు నాలుగుసార్లు రాసి కొట్టేశాను. తప్పని తెలిస్తే మళ్ళీ అచ్చు వేయించి ఒప్పుకుంటాం, అది మా పద్ధతి అని రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వే ఏదో ఒకటి చెప్పు.

నేను రాలేను. సెలవు దొరకదని రాద్దామనుకున్నాను. దొరుకుతుంది. ఆ పిల్లల ముందు నిలబడలేను, అంతే. వాళ్ళు నన్ను మేడమ్ అంటారు.

తారీఖు గురించి మళ్ళీ అడుగుతున్నాను, సిగ్గు విడిచి. ఇంక అడగను.

ధరణి


కార్వేటినగరం,
24 ఫిబ్రవరి 2025.

ధరణికి,

నెప్ట్యూన్ బ్రాందీ షాపు ముందర ఉన్నాడు. మొదటి నుంచీ చెబుతాను.

పొద్దున ఎనిమిదింటికి పసుపు సూర్యుడి చుట్టూ అందరం నిలబడ్డాం. హెడ్మాస్టరు గారు జాకెట్టు గుడ్డ ఊపారు, బయలుదేరాం. భూమి దాకా కేరింతలు, కుజుడి దాకా కబుర్లు, ఆ తరవాత ఖాళీ మొదలైంది. నూరు మూరల తాడు పరచడం, లాగడం, మళ్ళీ పరచడం. ఎనిమిదో తరగతి పిల్లొకతె "మేడమ్, ఈడ ఏమీ లేదా?" అంది. ఏమీ లేదన్నాను. "ఇంత చోటుంటే ఏమీ పెట్టలేదా?" అంది. అదే పాఠం, ధరణీ. పదకొండేళ్ళుగా నోటితో చెప్పి చెప్పి చేరవేయలేనిది అక్కడ చేరింది.

గురుడు టీ అంగడి ముందర పడ్డాడు. అంగడాయన ఆనందపడి కొబ్బరికాయకు కుంకుమ పెట్టాడు. శని మాత్రం ఆ దారిలోనే ఇల్లున్న మునెయ్య గారనే పెద్దాయన వాకిట్లో పడ్డాడు. ఆయన చేతిలో చెంబుతో బయటికొచ్చి, "ఏల్నాటి శని నన్ను పోయిన ఏడే ఇడిసిపెట్టినాడు మేడమ్. మళ్ళా మీరు తోడుకోని వస్తా ఉండారా?" అని దారికి అడ్డం నిలబడ్డాడు. మా చర్చిలో శనితో ఎవరికీ పేచీ ఉండదు. అరగంట ఆగిపోయాం. కావాలంటే గురుణ్ణి తన వాకిట్లోకి మార్చమన్నాడు, అందరికీ కాఫీ పోస్తానన్నాడు. ఐశ్వర్య నా ఫోన్లో శని ఫోటో వెతికి చూపించింది, వలయాలతో. ఆయన చెంబు కింద పెట్టి చూశాడు. "ఇంత సక్కంగుంటాడా?" అన్నాడు. వాకిట్లోనే ఉంచమన్నాడు. నిన్న ఆదివారం అటు వెళుతూ చూస్తే కొబ్బరికాయ పక్కన నువ్వులనూనె దీపం వెలుగుతోంది, ఇద్దరు ఆడవాళ్ళు ప్రదక్షిణలు చేస్తున్నారు.

ఆఖరి నూరు మూరలు పరిచి చూస్తే కోట గేటు కనుచూపు మేరలో లేదు. ఎదురుగా బ్రాందీ షాపు. హెడ్మాస్టరు గారు స్కూటర్ మీటరు చూసి, "మూడూ పాయింట్ ఆరు మాత్రమే వచ్చినాము మేడమ్. తొమ్మిదినూర్ల మీటర్లు యాడ పోయినట్టు?" అన్నారు. అందరం గురవమ్మ వైపు చూశాం. ఆమె తాడు చేతిలోకి తీసుకుని ఒక ముడి నుంచి ఇంకో ముడికి చెయ్యి పెట్టి చూసుకుంది. తల దించుకుంది. "కట్టేవాళ్ళ దగ్గర తీసుకునేటప్పుడు ఒక మూర మేడమ్, అమ్మేటప్పుడు ఒక మూర. మీకు సూపించింది తీసుకునే మూర. ఇంటికి పొయ్యి ముడులేసేటప్పుడు, ఇంత పెద్ద బేరం కదా అని, చెయ్యి దానంతట అదే ముడుచుకునింది" అంది. స్కేలు పెడితే ముప్ఫై ఆరు.

పిల్లలు నవ్వారు. గురవమ్మ కూడా నవ్వబోయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అప్పుడు ఐశ్వర్య వాళ్ళమ్మ పక్కన నిలబడి, "అన్నిటినీ ఆ మూరతోనే కొలిసినాం కదా మేడమ్, అప్పుడు ఎవురూ తప్పు తావులో లేరు. గ్రహాలే రవ్వంత లావైనాయి" అంది. నిజమే కదా. కోటలో ఉండాల్సినవాణ్ణి అక్కడే వదిలేశాం. షాపు ముందరున్న నలుగురూ నిమ్మకాయకు కాపలా ఉంటామని మాటిచ్చారు.

పిల్లలూ ఊరివాళ్ళూ కలిపి వచ్చినవాళ్ళు రెండువందల నలభై ఏడు. కాపలావాళ్ళని కలపలేదు, వాళ్ళు నిలబడే స్థితిలో లేరు.

గురవమ్మ మీద నాకు కోపం రాలేదు. నువ్వు గుర్తొచ్చావు. నీ చెయ్యి కూడా ఆ గడి దగ్గర అలాగే ముడుచుకుని ఉంటుంది.

ఇందులో రెండు కవర్లున్నాయి. తెల్ల కవరులో ఫిబ్రవరి 22 రిపోర్టు, హెడ్మాస్టరు గారి సంతకం, బడి ముద్ర. గోధుమరంగు కవరులో, డిసెంబరు గురించి నువ్వడిగిన దానికి నా జవాబు. ఏది ఎప్పుడు విప్పాలో నీ ఇష్టం.

మణి


పుణె,
16 మార్చి 2025.

మణీ,

ఉద్యోగం రాలేదు. ముందే చెప్పేస్తున్నాను, నువ్వు ఉత్తరం చివరి నుంచి చదివే రకం కనక.

ఇంటర్వ్యూ రోజు పొద్దున బస్టాపులో తెల్ల కవరు విప్పాను. 247 అని ఉంది. ఆ అంకె ఎంతసేపు చూశానో, రెండు బస్సులు పోయాయి. నా 312 రౌండు ఫిగరు కూడా కాదు, నిజంలా కనబడాలని ఆలోచించి మరీ వేసిన అంకె. నీ 247 వెనక ఎండలో తాడు లాగిన పిల్లలున్నారు.

గోధుమరంగు కవరు విప్పలేదు. అందులో ఏముంటుందో నాకు తెలుసు. 'ధరణికి' అని మొదలుపెట్టి, పదకొండేళ్ళ హాజరు పట్టీల మీదుగా నడిపించి, చివరికి నేను నోరెత్తలేని ఒక్క వాక్యం. ఆ వాక్యం చదివాక లోపలికి నడిచే ధైర్యం ఉండదనిపించింది. మా ఆఫీసులో కాగితాలు ముక్కలు చేసే మిషనుంది. కవరుతో సహా అందులో వేశాను. క్షమించు. కానీ ఒకటి చెప్పాలి. మణి తప్పు తారీఖు వెయ్యదు అన్నది నాకు లెక్క చూసుకోనక్కర్లేని సంగతి. గదిలోకి వెళుతుంటే నేను పట్టుకున్నది అదొక్కటే. అంత నికార్సైన పేరును నా అబద్ధం పక్కన రాసింది నేనే. ముందు దాన్ని చెరపాలనిపించింది.

ఐదుగురు కూర్చున్నారు. మొదటి ప్రశ్న అడగకముందే చెప్పేశాను. డిసెంబరులో ఏమీ జరగలేదని, రాసింది అబద్ధమని, ఫిబ్రవరిలో జరిగిందని, అప్పుడూ నేను లేనని. ఛైర్మన్ కళ్ళజోడు తీసి పెట్టారు. ఇప్పుడెందుకు చెబుతున్నావని అడిగారు. నేలకు వయసు చెప్పడం నా పని, నా తారీఖే అబద్ధమైతే ఇంక నా లెక్కలెవరు నమ్మాలని అన్నాను. తరవాత, అసలా నడకేమిటో చెప్పమన్నారు. చెప్పాను. శని వాకిట్లో దీపం దగ్గర ఒకాయనకు నవ్వు ఆగలేదు. గురవమ్మ మూర దగ్గర ఎవరూ నవ్వలేదు. ఇరవై నిమిషాలు దాని గురించే అడిగారు, గుంతల గురించి ఒక్క ప్రశ్న లేదు.

తరవాత ఛైర్మన్, తప్పుడు వివరముంటే అప్లికేషన్ చెల్లదని నియమముందనీ, దాన్ని తాను దాటలేననీ చెప్పారు. మెల్లగా చెప్పారు. క్యాంటీన్లో కూర్చుని బాగా ఏడ్చాను. పోహా కూడా తినలేదు. మా ప్రొఫెసర్ ప్రాజెక్టులో మిగిలిన డబ్బుతో ఆరు నెలలు ఉండమన్నారు. ఆ తరవాత ఏమిటో నాకు తెలియదు. ఆశ్చర్యమేమిటంటే ఆ రోజు నుంచి నిద్ర బాగా పడుతోంది.

ఐశ్వర్యకు జవాబు ఇప్పుడు రాయగలను. తప్పని తెలిస్తే ఒప్పుకుంటాం, ఖర్చవుతుంది, అయినా ఒప్పుకుంటాం అని చెప్పు.

ఏప్రిల్లో వస్తున్నాను. పిల్లలకు నేనే చెబుతాను, డిసెంబరు సంగతితో సహా.

ధరణి


కార్వేటినగరం,
22 మార్చి 2025.

ధరణీ,

చివరి నుంచే చదివాను. ఉద్యోగం పోయిందని పైకి వచ్చాక తెలిసింది. వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ ఆపి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. చాలా బాధగా ఉంది. నీకన్నా ఆ పనికి తగినవాళ్ళు ఎవరైనా ఉంటారంటే నేను ఒప్పుకోను.

నువ్వొస్తున్నావని హెడ్మాస్టరు గారికి చెప్పాను. "ఊరంతా తిప్పిన మేడమ్‌ని ఇప్పటికి సూస్తాము" అన్నారు. మునెయ్య గారు శని దగ్గరికి నిన్ను తనే తీసుకెళతానంటున్నాడు.

ఇంక నేను చెప్పాల్సింది. ఫోన్ ఎత్తి చెప్పేయొచ్చు, కానీ కాగితం మీదే అని నియమం పెట్టింది నేనే.

ఆ గోధుమరంగు కవరులో తిట్లు లేవు. నువ్వడిగిన రిపోర్టే ఉంది. డిసెంబరు 14, రెండో శనివారం, సెలవు రోజైనా మూడువందల పన్నెండు మంది ఉత్సాహంగా హాజరయ్యారు అని నా చేత్తో రాశాను. కింద సంతకం చేశాను. ఏప్రిల్ తొమ్మిది అని నువ్వు రాసిన ముక్క పక్కన పెట్టుకుని రాశాను. హాస్టల్లో నువ్వు మేడ మీద చాప వేసుకుని చంద్రుణ్ణి చూస్తూ అన్నం తినడం మర్చిపోయేదానివి, అది గుర్తొచ్చింది. సంతకం పెట్టేశాను. 'ఉత్సాహంగా' అన్న మాట కూడా నేనే చేర్చాను, నువ్వు అడగలేదు. నువ్వు ఆ కవరు విప్పి ఉంటే అది ఇచ్చేదానివి, ఉద్యోగం వచ్చేది, మనిద్దరం ముసలివాళ్ళయ్యేదాకా దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం కాదు.

గురవమ్మ గురించి అంత గొప్పగా రాసిన ఉత్తరంలోనే ఆ కవరు పెట్టాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నువ్వు నన్ను నేనున్న దానికన్నా మంచిదాన్ననుకున్నావు. అనుకుని, ఆ లేని మనిషి మొహం చూసి నిజం చెప్పావు. ఇకమీదట కూడా అలాగే అనుకో ధరణీ. నేను మెల్లగా దానికి సరిపోతాను.

నీ
మణి